తేడా చీటీ

వాచీలకు మార్కులు వేయడం నా ఉద్యోగం. పాత వాచీలు సేకరించేవాళ్ళ కోసం వేలం నడిపే సంస్థ మాది. కొనేవాడు ఎక్కడో ఉంటాడు. వాచీని చేత్తో ముట్టుకోడు, మేం రాసిన కార్డు చదివి కొంటాడు. పదికి ఎన్ని మార్కులు, ఎక్కడ గీత పడింది, ఎక్కడ అరిగింది, ముళ్ళు మొదటివేనా తర్వాత మార్చినవా, డయలుకు మళ్ళీ రంగు వేశారా, అన్నీ ఆ కార్డులో ఉంటాయి. అడుగున ఒక సంతకం ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ సంతకం నాది.

ఆఫీసులో నా ముఖం మీద మేడం అంటారు, వెనకాల అరమార్కు అంటారు. ఎంత మంచి వాచీ తెచ్చినా ఎక్కడో ఒకచోట అరమార్కు కోస్తానని ఆ పేరు పెట్టారు. కోయక ఏం చేయను? పదికి పది అంటే పెట్టెలోంచి ఒక్కసారి కూడా బయటికి రాని వాచీ. అలాంటిది ఉందంటే నేను నమ్మను. ఎవడో ఒకడు తలుపు వేసుకుని, చేతికి పెట్టుకుని అద్దంలో చూసుకునే ఉంటాడు. మనిషి బుద్ధి అంతే.

మా గది చిన్నది. రెండు బల్లలు, రెండు దీపాలు, బల్లల మీద బూడిదరంగు గుడ్డ. నల్లగుడ్డ మీద ఏ వాచీ అయినా పెళ్ళికూతురిలా కనబడుతుంది, అందుకని బూడిదరంగు. వాచీ ఎవరిదో మాకు చెప్పరు, పళ్ళెంలో నంబరుతో వస్తుంది. నేను కుడికంటికి భూతద్దం బిగించి ముందు అంచులు చూస్తాను. పాలిష్ ఎక్కువ పట్టించిన వాచీ అంచులు వాడిన సబ్బుబిళ్ళలా గుండ్రంగా అయిపోతాయి. మెరిసిపోతోంది కదా అని అమ్మేవాడు సంబరపడతాడు, నేను రెండు మార్కులు కోస్తాను. తర్వాత అద్దం, డయలు, ముళ్ళు, కీ. చైను అడ్డంగా పట్టుకుంటే ఎంత వాలుతుందో చూస్తాను. చివరికి వెనకమూత తీసి, స్క్రూల తలల మీద ఎవరి మొరటుచేతి గుర్తులు ఉన్నాయో చూస్తాను.

ఒక్కో వాచీని ఇద్దరు చూడాలని మా సంస్థ పద్ధతి. ఎవరి మార్కు వాళ్ళు చీటీ మీద రాసి, మడిచి, రేకుడబ్బాలో వేయాలి. సాయంత్రం గుమాస్తా డబ్బా తెరిచి రెండు చీటీలూ పక్కపక్కన పెడతాడు. తేడా ఒక మార్కు లోపే అయితే తక్కువ మార్కు కార్డు మీదికి ఎక్కుతుంది. ఒకటి దాటితే దాన్ని తేడా చీటీ అంటాం. అప్పుడు ఇద్దరూ ఒకే దీపం కింద ఆ వాచీని మళ్ళీ చూసి, ఎవరు పొరబడ్డారో తేల్చి, వాళ్ళ పేరు మీద ఆ తేడా రిజిస్టరులో రాయాలి. తేల్చేది సంతకం ఉన్నవాళ్ళు, అంటే నేను. ముద్దాయినీ నేనే, జడ్జీనీ నేనే. ఇరవై రెండేళ్ళలో నా పేరు మీద ఒక్క తేడా పడలేదు. అందులో వింతేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పట్లో దాన్ని నా గొప్పే అనుకున్నాను.

రెండో బల్ల దగ్గర కూర్చునేది నా శిష్యురాలు. అందరూ చీమ అంటారు. మనిషి చిన్నది, తల ఎత్తదు, పని ఆపదు. ఇరవై తొమ్మిదేళ్ళు. ఆరేళ్ళ కిందట గోడగడియారాలు బాగుచేసే కొట్లోంచి నేనే తీసుకొచ్చాను. ఇప్పుడు సొంత సంతకం కోసం ఎదురుచూస్తోంది. సంతకం వస్తే సొంత గది వస్తుంది, ఆమె మాట మీద కార్డు వెళుతుంది. రాకపోతే ఇంకో ఏడాది నా పక్కన చీటీలు మడుస్తూ కూర్చోవాలి. నేర్చుకునేవాళ్ళకు ఏడాదికి మూడు తేడాల వరకు క్షమిస్తారు. నాలుగోది పడితే ఆ ఏడు సంతకం ఊసే ఉండదు. చీమకు మొదటి రెండు నెలల్లోనే మూడూ పడ్డాయి. ఆ తర్వాత పది నెలలపాటు ఒక్కటంటే ఒక్కటి లేదు. నేను తొమ్మిది వేస్తే ఆమె తొమ్మిది, నేను ఎనిమిదిన్నర వేస్తే ఆమె ఎనిమిదిన్నర. మరుసటి నెలాఖరుకు ఆమె గురించి మేనేజరుకు నేను ఉత్తరం రాయాలి. ఇలాంటి కన్ను ఇంకొకటి తయారుచేయడం నా తరం కాదని రాద్దామనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ పొగడ్తలో సగం నాకే.

అదే ఏడు ఇంకో విచిత్రం జరిగింది. నా మార్కులు పెరిగాయి. ఏడు దాటడం గగనం అనుకున్న వాచీలకు తొమ్మిదులు పడ్డాయి. నన్ను చూస్తే తల తిప్పుకునే అమ్మకందారులు నవ్వుతూ నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు. మనవరాలు పుట్టింది కదా, మేడం మెత్తబడ్డారని గుమాస్తా అన్నాడట. నాకు ఒళ్ళు మండింది. నేను మెత్తబడటమేమిటి, జనానికే బుద్ధొచ్చి వాచీలు జాగ్రత్తగా పెట్టుకుంటున్నారు అనుకున్నాను. దీపం మాత్రం నచ్చలేదు. ఎలక్ట్రీషియన్ చేత నాలుగుసార్లు బల్బు మార్పించాను. దీపంలో ఏ లోపం లేదమ్మా అని అతను నెత్తీనోరూ కొట్టుకుంటే, నీకు పని రాదు అన్నాను.

ఆ ఉత్తరం ఇవ్వాల్సిన గడువు ఇంకా ఆరు వారాలు ఉందనగా నా కళ్ళజోడు కాడ విరిగింది. కొత్తది కొనడానికి వెళితే కొట్లో అబ్బాయి ఎడమకన్ను మూసుకుని, కుడికంటితో ఎదురుగా ఉన్న అక్షరాలు చదవమన్నాడు. ఏ అక్షరాలు అని అడిగాను.

కంటిడాక్టరు శుక్లం అన్నాడు. కుడికంట్లో బాగా ముదిరిందట, ఏడాది పైనే అయివుంటుందట. ఎడమకన్ను నాకు మొదటినుంచీ మందమే. ఇంత మందంగా ఉంటే పని ఎలా చేశారండీ అని ఆశ్చర్యపోయాడు. బాగానే చేశానని చెప్పాను. ఆపరేషన్ చేసి మూడు వారాలు ఇంట్లో కూర్చోమన్నాడు.

మా ఇంట్లో వంట కోడలిది, గిన్నెలు తోమడం నాది. కన్ను కాస్త తేరుకున్నాక ఒక మధ్యాహ్నం, వద్దన్నా వినకుండా గిన్నెలు తోమేసి పడుకున్నాను. నిద్ర పట్టక లేచి వంటింట్లోకి వెళితే, నేను తోమి బోర్లించిన గిన్నెలన్నీ తీసి కోడలు మళ్ళీ తోముతోంది. ఎందుకని అడిగితే అలవాటయిపోయిందంది. ఎప్పటినుంచి అని అడిగాను. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

"పోయిన ఏడాది నుంచి అత్తయ్యా. జిడ్డు మిగిలిపోయేది. చెబితే మీరు ఊరుకుంటారా? ఇంట్లో ఎవరికీ అన్నం సయించనివ్వరు."

కోపం రావాలి, రాలేదు. ఇంట్లో కోడలికి కనిపించిన సంగతి, మూడడుగుల దూరంలో కూర్చున్న పక్కబల్లకు కనిపించకుండా ఉంటుందా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కంట్లో చుక్కల మందు వేసుకోవాలి కాబట్టి ఏడవడానికి కూడా వీల్లేదు.

తిరిగి పనిలో చేరిన రోజు చీమ కంటే గంట ముందు వెళ్ళాను. వేలానికి ఇంకా పోని వాచీల బీరువా తెరిచి, ఇద్దరం తొమ్మిది వేసిన ఒకదాన్ని తీసి దీపం కింద పెట్టాను. భూతద్దం కూడా అక్కర్లేకపోయింది. వాచీ పక్కలంతా దువ్వెనతో గీసినట్టు సన్నగీతలు. అద్దం మీద మూడు పొడుగు గీతలు, ఒకటి అంచు నుంచి అంచు దాకా ఉంది. ఏడు కంటే పైసా ఎక్కువ ఇవ్వకూడని సరుకు. ఇంకోటి తీశాను, ఇంకోటి తీశాను. పదకొండు వాచీలు చూశాక ఆపేశాను. నాకు కనబడకపోవడానికి కారణం డాక్టరు చెప్పాడు. చీమ కళ్ళకు ఏ రోగం లేదు.

చీమ వచ్చి, బల్ల మీద పరిచిన వాచీలను చూసి, చేతిసంచి కింద పెట్టకుండా నిలబడింది. ఇవన్నీ నీకు కనిపించాయా అని అడిగాను. కనిపించాయంది. మరి తొమ్మిది ఎలా రాశావన్నాను. నేను ఎంత వేస్తానో చీటీలు మడవకముందే నీకెలా తెలిసేదన్నాను.

ఆమె చెప్పింది వింటే నాకు కోపం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. లోతైన గీతలు నాకు కనబడుతున్నాయనీ, వెంట్రుకలాంటివి కనబడటం లేదనీ కనిపెట్టిందట. ముదురురంగు డయలు మీది మచ్చ చూడగలననీ, లేతరంగు దాని మీదిది వదిలేస్తాననీ తెలుసుకుందట. ముందు తన కళ్ళతో చూసి, తర్వాత నాకు కనబడనివన్నీ ఒక్కొక్కటే తీసేసి, మిగిలినదానికి మార్కు వేసేదట. పది నెలలు అలా చేసి ఒక్కసారి కూడా గురి తప్పలేదు. వాచీలకు మార్కులు వేయడమే కష్టమనుకుంటాం. ఈ పిల్ల వాచీతోపాటు నా శుక్లానికి కూడా మార్కులు వేసింది.

"నాకు ఒక్క మాట చెప్పాలని అనిపించలేదా?" అన్నాను.

"మూడుసార్లు చెప్పాను మేడం."

రిజిస్టరు తీశాను. మూడు తేడాలూ నా చేతిరాతతోనే ఉన్నాయి. దుమ్ము చూసి గీత అనుకుంది. లేని మచ్చ చూసింది. అనుమానం ఎక్కువ, చూపు నిలకడ లేదు. ఆ మూడు రోజులూ ఆమెను నా దీపం కింద కూర్చోబెట్టి ఏమేమన్నానో గుర్తుకొచ్చింది. మూడోసారి గుమాస్తా ఎదుటే, మళ్ళీ గోడగడియారాల కొట్టుకే పోతావా అన్నాను. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. నా నలుపును మాత్రం నేను సంతకం పెట్టి ఏడాదిపాటు అందరికీ పంచిపెట్టాను.

చీమ ఏడవలేదు, క్షమించమనలేదు. ఉత్తరం రాసేశారా అని మాత్రం అడిగింది. ఇంకా లేదన్నాను. తన బల్ల దగ్గరికి వెళ్ళి దీపం వేసుకుంది.

మేనేజరుకు విషయం అదే రోజు చెప్పాను. ఆయన మంచివాడే. కుండలో గుర్రాలు తోలేరకం కాదు, జరిగినదాన్ని జరిగినంతే చూస్తాడు. పది నెలల కార్డులన్నీ వెనక్కి పిలిపించి మళ్ళీ చూడాలి, కొన్నవాళ్ళందరికీ ఉత్తరాలు రాయాలి అన్నాడు. జబ్బుకు సిగ్గెందుకు, తప్పంతా మీ కంటి మీద పెట్టేద్దాం అన్నాడు. చీమ మాట ఎత్తితే, ఆ అమ్మాయి చేసిందేముంది, గురువుగారి దారిలో నడిచింది, ఆ సంగతి మీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు, మీరు మంచిగా నాలుగు ముక్కలు రాస్తే సంతకం ఇచ్చేస్తాను, నాకు రెండో గది నడవాలి కదా అన్నాడు.

రెండు రోజులు ఆ ఉత్తరం ముందు కూర్చున్నాను. మంచిగా నాలుగు ముక్కలు రాయడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. ఆమెను అలా తయారుచేసింది నేనే. ఆ నాలుగు ముక్కలు రాస్తే నా గుండె మీద బరువు దిగిపోతుంది, ఆమె జీవితం ఒక మెట్టు ఎక్కుతుంది, ఎవరికీ తెలియదు. సరిగ్గా పది నెలలు చీమ కూడా ఇదే అనుకుని ఉంటుంది. ఆమెను తిట్టే హక్కు నాకు లేదని అర్థమైంది. ఆమె చేసిన పనే నేనూ చేసే హక్కు అంతకన్నా లేదు.

చివరికి ఉన్నదున్నట్టు రాశాను. మూడు తేడాల్లోనూ ఈమె చూసిందే నిజం, ఆ మూడూ ఈమె పేరు మీద కొట్టేసి నా పేరు మీద రాయాలి. చూపులో ఈమెకు పదికి తొమ్మిదిన్నర. ఆ తర్వాత పది నెలలు చూసినదాన్ని రాయలేదు, తెలిసి తప్పు మార్కులు రాసింది. అలా రాయడానికి కారణం నా నోరు, నా పెత్తనం. కారణం ఎవరైనా, కార్డు చదివి కొన్నవాడికి అందింది తప్పుడు మార్కే. ఈ ఏడు సంతకం ఇవ్వవద్దు. ఇంత రాసి, అరమార్కు కూడా కలపకుండా కింద సంతకం పెట్టాను. మేనేజరు చదివి, మీరు మారరు అన్నాడు. దాన్ని పొగడ్తగా తీసుకోవాలో లేదో తెలియలేదు.

చీమకు ఆ ఉత్తరం ఆయన చూపించాడు. ఆమె నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆరేళ్ళలో నా ముందు గొంతు పెంచని మనిషి. అప్పుడు కూడా పెంచలేదు.

"నేను మీకోసం పది నెలలు దాచాను. మీరు నాకోసం ఒక్క ఉత్తరంలో దాచలేకపోయారా మేడం?"

నా దగ్గర జవాబు ఉంది. కానీ సంతకం పోయిన మనిషికి ఆ జవాబుతో ఒరిగేదేమీ లేదు. నాకోసం కాదు, నీకోసం దాచుకున్నావు అనలేకపోయాను. నా నోటికి భయపడి దాచావు అని కూడా అనలేకపోయాను. బహుశా మూడూ కలిసే ఉంటాయి. మర్నాడు ఆమె మేనేజరుని అడిగి బల్ల మార్పించుకుంది. నడవా చివర, పాత పెట్టెలు దాచే గదిలోకి తన దీపం తనే మోసుకుపోయింది. నేను లేచి తలుపు తీసి పట్టుకున్నాను, ఆమె థాంక్స్ చెప్పలేదు. నాకు చాలా బాధ వేసింది.

ఆ తర్వాత వెనక్కి వచ్చిన వాచీలన్నీ మళ్ళీ చూశాం, ఎవరి గదిలో వాళ్ళం. మా మధ్య మాటల్లేవు. కాఫీ వేళకు నేను వెళితే ఆమె లేచిపోయేది. గుమాస్తా ఒక్కడే రెండు గదుల మధ్య పళ్ళేలు మోస్తూ, అత్తాకోడళ్ళ మధ్య నలిగిన మొగుడిలా తయారయ్యానని అందరికీ చెప్పుకునేవాడు. చీటీలు దగ్గరదగ్గరగానే వచ్చేవి, పావు తేడా, అర తేడా. మళ్ళీ నన్ను చూసి రాస్తోందా, తన కళ్ళతోనే రాస్తోందా అన్నది మాత్రం నాకు తెలియడం లేదు. నా కన్ను బాగైంది కాబట్టి ఇద్దరికీ ఒకటే కనబడుతోంది, అంతే కావచ్చు. కాకపోవచ్చు. ఆ అనుమానంతో రెండు నెలలు సరిగా తిండి తినలేదు. మనుషులను అంతగా పట్టించుకునే అలవాటు నాకు లేదు. ఈ ఒక్క మనిషి విషయంలో అది సాగలేదు.

మూడో నెలలో ఒక సాయంత్రం గుమాస్తా డబ్బా తెరిచి, రెండు చీటీలు తెచ్చి నా ముందు పెట్టాడు. నాది ఎనిమిది. చీమది ఆరున్నర. కొత్త ఏడాది లెక్కలో మొదటి తేడా చీటీ. ఆమెను పిలవమన్నాను.

వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నేను వాచీని దీపం కింద పెట్టి, నెమ్మదిగా రెండుసార్లు తిప్పి చూశాను. గీతలన్నీ నేను లెక్కపెట్టినవే. అంచులు బాగున్నాయి. నాకేమీ కనబడటం లేదన్నాను. ఆ మాట అంటుంటే గుమాస్తా తల దించుకోవడం కనిపించింది.

"పట్టీ తగిలించే కొమ్ము పక్కన గుంట ఉండేది. లోహం నింపి చదును చేశారు," అంది చీమ.

నింపిన చోటు తెలియడం లేదు కదా అన్నాను. నా గొంతు కాస్త గట్టిగానే ఉంది, అలవాటు ఎక్కడికి పోతుంది. పాత చీమ అయితే ఆ గొంతు విని అయ్యుండచ్చు మేడం అనేది. ఈమె అనలేదు. చిన్న చెక్కపుల్ల తీసుకుని, తగలకుండా, ఆ కొమ్ము వైపు చూపింది.

"ఉంది. తయారీలో పెట్టిన గరుకుగీతలన్నీ నిలువుగా ఉన్నాయి. ఇక్కడ గింజంత మేర అడ్డంగా తిరిగాయి. చూడండి."

చూశాను. ఉంది. గింజంత మేర, అడ్డంగా. మొదటిసారి నేను అక్కడ చూడనే లేదు. అంచులు బాగున్నాయన్న సంతోషంలో కొమ్ములు దాటేశాను. ఈసారి శుక్లం మీద నెట్టడానికి వీల్లేదు, కన్ను కొత్తదిలా ఉంది. తప్పు నాది.

రిజిస్టరు తెరిచి తేదీ వేసి, నా పేరు రాసి, కొమ్ము మీద నింపిన గుంట చూడలేదు అని రాశాను. నా చీటీ మీద ఎనిమిది కొట్టేసి ఆరున్నర వేశాను. చీమ అంతా అయ్యేదాకా నిలబడి చూసింది. రాయడం పూర్తయ్యాక చెక్కపుల్ల దాని చోట పెట్టి తన గదికి వెళ్ళిపోయింది. ముఖంలో కోపం అలాగే ఉంది.

నాకు మాత్రం లేచి గంతులేయాలన్నంత సంతోషం కలిగింది. ఇరవై రెండేళ్ళలో ఏ వాచీ నాకు అంత సంతోషం ఇవ్వలేదు. ఆమె వెనకాలే వెళ్ళి, భుజం పట్టుకుని, ఆ మాట చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెబితే మళ్ళీ నా సంతోషం కోసం రాయడం మొదలుపెడుతుందేమోనని భయం.